సద్దు లేని బస్సు

కృష్ణగిరి,
జనవరి 1959

చిరంజీవి తమ్ముడు మునివెంకటప్పకు,

అక్క కెంచమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నామని మొదటి వరుసలో రాయాలని వేప్పనపల్లి ఇస్కూల్లో పంతులు నేర్పాడు కాబట్టి రాస్తున్నాను. నువ్వు మాత్రం ఒక కార్డు ముక్క కూడా పడేయవు. హోసూరులో బస్సులకు బాడీ కట్టే షెడ్డులో చేరినప్పటి నుంచి నీకు ఆ రేకులే అక్కచెల్లెళ్లు అయిపోయారు.

ఒక పని పడి రాస్తున్నాను. మీ బావ తోలే బస్సు ఎఫ్.సి.కి, అదే ఏటేటా సర్కారు చేసే బండి తనిఖీకి ముందు రంగు వేయించుకోవడానికి మీ షెడ్డుకే వస్తుందట. ఆ బస్సు సంగతి నీకు తెలుసు కదా. ఇంజిను డ్రైవరు పక్కనే, లోపలే ఉంటుంది. దాని మీద కప్పిన రేకు డబ్బా కృష్ణగిరిలో మొదలుపెడితే హోసూరు చేరేదాకా అరుస్తూనే ఉంటుంది. బస్సులో పక్కపక్కన కూర్చున్నవాళ్లు కూడా గొంతు చించుకుని మాట్లాడుకోవాలి. మీ బావకు అదే అలవాటై ఇంట్లో కూడా కేకలే. నిన్న "ఇంకొక ముద్ద పెట్టు" అన్నది వీధి చివరి ఇంటివాళ్లకు వినబడింది. ఆ ఇంటామె వచ్చి, "ఏమమ్మా, మొగునికి అన్నం పెట్టేది లేదా?" అని నన్ను అడిగింది.

ఆ డబ్బాకు లోపల మెత్తటిది ఏదైనా అతికించి సద్దు తగ్గించరాదా? బస్సు సొంతదారు షావుకారు కూడా ఒప్పుకున్నాడట. అయితే ఒక మాట గుర్తుంచుకో. ఇంజిను డబ్బా వరకే చెయ్యి. పక్క రేకులు, కింది పలకలు ముట్టుకోవద్దని మీ బావ గట్టిగా చెప్పాడు. ఎందుకని అడగకు. ఆయన బస్సు, ఆయన ఇష్టం.

నీ అక్క,
కెంచమ్మ

*

హోసూరు,
జనవరి 1959

అక్కకు,

మునివెంకటప్ప నమస్కారం. సిగ్గుపడి వెంటనే జవాబు రాస్తున్నాను, ఇంక తిట్టవద్దు.

నువ్వు అడిగింది చిన్న పని అనుకున్నావు. నాకు నిద్ర లేకుండా చేశావు. షెడ్డులో ఒక అలారం గడియారం ఉంది. దాన్ని కిరసనాయిలు డబ్బాలో పెట్టి మోగించి, డబ్బా లోపల ఒక్కొక్కటే అతికించి చూశాను. కొబ్బరి పీచు సద్దును బాగానే తాగింది, కాని ఇంజిను వేడికి దగ్గర పెట్టేసరికి మాడు వాసన. గోనెపట్టా ఒకటే అయితే పలచన. రంపపు పొట్టును తారులో కలిపి పూస్తే ఎండకు జారి కిందికి వచ్చింది. కార్కు పలకలు బెంగళూరులో దొరుకుతాయి, కాని ఆ ధర చెప్తే మీ షావుకారు బస్సునే అమ్మేస్తాడు. చివరికి విసుగొచ్చి నేను కప్పుకునే కంబళి తీసి లోపల చుట్టాను. అంతే అక్కా! గడియారం మోగుతోందా లేదా అని మేస్త్రీ డబ్బాకు చెవి ఆనించి చూశాడు. "మీ కురుబోళ్ల కంబళి చలికే అనుకుంటిని గదరా" అన్నాడు. పైగా ఉన్నికి నిప్పు తగిలితే మాడి ఆరిపోతుంది, మంట లేవదు.

కాని కంబళి సగం పనే చేస్తుంది. రేకు వణికినంతసేపూ అరుస్తూనే ఉంటుంది. ఆ వణుకును చంపాలంటే రేకుకు బరువు అతికించాలి. గోనెపట్టాను తారులో ముంచి, రేకుకు లోపలివైపు అతికించి, ఆరిన తర్వాత తట్టి చూశాను. గుమ్మడికాయను తట్టినట్టు "తప్" అంది, అంతే. ఈ రెండూ కలిపి వేస్తే బస్సు ఇల్లు అయిపోతుంది.

అందుకే పక్క రేకులు వదిలేయమనడం నాకు నచ్చలేదు. డబ్బా ఒకటే మూస్తే పక్కవి మోగవా? బావకు బస్సు తోలడం తెలుసు, రేకు సంగతి నాకు తెలుసు.

అమ్మ దగ్గర పాత కంబళ్లు ఉంటే పంపించు.

నీ తమ్ముడు,
మునివెంకటప్ప

*

కృష్ణగిరి,
ఫిబ్రవరి 1959

తమ్ముడికి,

కంబళ్లు ఆంజప్ప చేతికి ఇచ్చి పంపాను. ఆంజప్ప మా బస్సు కండక్టరు, నోరు ఊరుకోని మనిషి, బంగారం లాంటివాడు. బస్సులో గంట తాడు తెగిపోయి చాన్నాళ్లయింది. షావుకారు వేయించడు. ఆంజప్ప అరచేత్తో వెనక రేకు మీద ఒకటి తడితే ఆగాలి, రెండు తడితే పోవాలి. తట్టి తట్టి అతని అరచెయ్యి కాయ కాచిపోయింది. ఏదైనా కథ చెప్పేటప్పుడు కూడా పక్కవాళ్ల వీపు మీద అట్లాగే తడుతుంటాడు.

కంబళ్లు అడిగితే అమ్మ ఏమన్నదో తెలుసా? "మీ నాయన కప్పుకున్న కంబళి ఇంజినుకు కప్పేదా? దానికేమైనా చలిజొరమా?" అన్నది. అని, పెట్టె అడుగున దాచిన మంచిది కూడా తీసి ఇచ్చింది.

మళ్లీ చెప్తున్నాను. డబ్బా వరకే. పక్క రేకులు వద్దు. మీ బావ నాచేత ఒట్టు వేయించుకున్నాడు. దాని వెనక ఒక మాట ఉంది. కార్డు మీద రాస్తే పోస్టుమాను చదివి ఊరంతా పంచుతాడు. నువ్వు వచ్చినప్పుడు చెప్తాను.

కెంచమ్మ

*

హోసూరు,
మార్చి 1959

అక్కకు,

పని అయిపోయింది. నీ తమ్ముడు ఏమి చేశాడో చూడటానికి పక్క షెడ్డుల వాళ్లు కూడా వచ్చారు!

దాచడం ఎందుకు, మొత్తం చేసేశాను. ఇంజిను డబ్బాకు నాన్న కంబళి రెండు మడతలు, పైన రెక్సిన్. పక్క రేకులకు, వెనక రేకుకు, కింది పలకలకు తారు గోనె, దాని మీద పాత కంబళ్లు. బావ వద్దన్నాడని తెలుసు. చూసిన తర్వాత నోరు మూతపడుతుందిలే అనుకున్నాను. సగం పని చేసి వదిలేయడం నా చేత కాదక్కా.

బావ వచ్చి ఇంజిను వేశాడు. నేను వెనక సీట్లో కూర్చుని, ఇంట్లో మాట్లాడినట్టు మామూలు గొంతుతో, "ఎట్లుంది బావా?" అన్నాను. పక్కనున్న మేస్త్రీ పకపకా నవ్వాడు, అంత తేటగా వినబడింది. బావ వెనక్కి తిరగలేదు. మళ్లీ అడిగాను. తిరగలేదు. కోపం వచ్చిందని అర్థమైంది. తర్వాత లేచి వచ్చి వెనక రేకు మీద అరచేత్తో ఒకసారి తట్టాడు. ఇంకోసారి గట్టిగా తట్టాడు. చెయ్యి అట్లాగే రేకుకు ఆనించి నిలబడిపోయాడు.

"ఇదంతా ఎవురు చెయ్యమన్నారురా నిన్ను?" అన్నాడు.

"బాగుండ్లేదా బావా?" అన్నాను. నా ముఖం కేసి చూసి, "బాగుంది, బాగుంది" అని భుజం తట్టి బస్సు తీసుకుని వెళ్లిపోయాడు. అన్నం తిని పొమ్మన్నా వినలేదు.

నీ మొగుడికి నచ్చకపోతే పోనీ. హోసూరు బజారులో ఇప్పుడు ఆ బస్సు మాటే చెప్పుకుంటున్నారు.

మునివెంకటప్ప

*

కృష్ణగిరి,
ఏప్రిల్ 1959

తమ్ముడికి,

బస్సును అందరూ మెచ్చుకుంటున్నారు. పసిపిల్లల తల్లులు వేరే బస్సు వదులుకుని మన బస్సు కోసం కాచుకుంటున్నారట. షావుకారు మీ బావకు కొత్త పంచె పెట్టాడు.

మీ బావకు అన్నం సయించడం లేదు. అద్దంలో చూసి చూసి కళ్లు ఎర్రబడుతున్నాయి. ఆ తారు గోనెను వెనక రేకు నుంచి మాత్రమైనా తీసేయడానికి వీలవుతుందా? తొందరగా రాయి.

కెంచమ్మ

*

హోసూరు,
ఏప్రిల్ 1959

అక్కకు,

తీయను. ముందు చెయ్యమని నువ్వే రాశావు. చేతులు కాల్చుకుని, తారు వాసనకు తిన్నది కక్కుకుని చేశాను. కూలి అడిగానా? ఊరంతా బాగుందంటే నా సొంత అక్క తీసేయమంటుంది. ఎందుకో చెప్పదు. బావకు నా పేరు పైకి రావడం ఇష్టం లేకపోతే ఆ మాటే రాయి.

ఈ మాటలు కోపంతో రాస్తున్నాను. రేపటికి తగ్గుతుందేమో, కాని ఇప్పుడే పోస్టులో వేస్తాను.

మునివెంకటప్ప

*

కృష్ణగిరి,
మే 1959

తమ్ముడా,

ఇది అంటించిన కవరు. నువ్వొక్కడివే చదువు.

మీ బావకు చెవులు వినబడవు. రెండేళ్లయింది. మొదట ఎడమ చెవి పోయింది, తర్వాత కుడిది. ఇంజినే తినేసింది. చెవి పక్కన నోరు పెట్టి అరిస్తే ఏదో కొంచెం తెలుస్తుంది. మిగతాదంతా మనిషి ముఖం చూసి పోల్చుకుంటాడు. ఆ సద్దు తగ్గితే మిగిలిన కొంచెమైనా నిలుస్తుందని నాటువైద్యుడు అన్నాడు. అందుకే డబ్బా మూయమని నీకు రాశాను.

మరి బస్సు ఎట్లా తోలుతున్నాడు అంటావు. ఇంజిను సంగతి ఆయన పాదాలకు తెలుస్తుంది, కింది పలకల వణుకును బట్టి. ఆంజప్ప వెనక తట్టింది ఆ రేకు పట్టుకుని ముందుదాకా వచ్చి, సీటు కమ్మీలో నుంచి ఆయన వీపుకు తగులుతుంది. ఒకటి, రెండు, అంతా వీపుతోనే విన్నాడు. అందరూ అరిచే బస్సులో ఆయనకు వినబడటం లేదని ఎవరికీ అనుమానం రాలేదు. ఆంజప్పకు కూడా తెలియదు.

ఆ వణుకునే నువ్వు చంపేశావు. నిన్ను అనడం లేదు. నీకు చెప్పనిది నేనే.

మొన్న కురుబరపల్లిలో ఏమైందో విను. పచ్చయమ్మ అని ఒక ముసలామె మామిడిపండ్ల బుట్టతో దిగుతోంది. అద్దంలో చూస్తే అందరూ దిగినట్టు కనబడిందట, మీ బావ బండి కదిలించాడు. ఆంజప్ప ఒకటి తట్టాడు, ఆగమని. మళ్లీ తట్టాడు. ఎప్పుడూ ఆగే బస్సు ఆగలేదు. అతను గొంతెత్తేలోపల ఆమె పడిపోయింది. తొడ ఎముక విరిగింది. ఇక్కడ పెద్దాసుపత్రిలో ఉంది.

షావుకారు ఇద్దరినీ పిలిపించాడు. ఆంజప్ప తట్టానన్నాడు. బస్సులో ఉన్నవాళ్లను అడిగితే ఎవరూ వినలేదన్నారు. నీ తారు అంత బాగా పనిచేసింది. "గుండుసూది పడితే వినపడే బస్సులో నువ్వు తట్టింది వినపడలేదా?" అని షావుకారు ఎగిరాడట. చివరికి మీ బావను అడిగాడు, "ఆంజప్ప తట్టినాడా?" అని. మీ బావకు ఏమి వినబడుతుంది? నీకు దెబ్బలేమైనా తగిలాయా అని అడిగారు అనుకుని, "లేదు సామీ, లేదు" అన్నాడు. షావుకారు దెబ్బల గురించి అడిగాడని ఆ పొద్దు ఇంటికి వచ్చి ఆయనే నాతో చెప్పాడు.

ఆంజప్పను ఆ పొద్దే పనిలో నుంచి తీసేశారు.

ఇదంతా అతని భార్య అంగాళమ్మ వచ్చి చెప్పింది. తిట్టడానికి రాలేదు. "మారప్పన్న మంచోడు వదినా, కంగారులో అట్ల చెప్పినాడేమో. ఇంకొక తూరి అడిగి చూడు" అన్నది. నేను తల ఊపాను. మజ్జిగ ఇచ్చాను. ఆమె తాగి గ్లాసు కడిగిపెట్టి వెళ్లింది.

మీ బావకు నేను ఇంకా చెప్పలేదు. షావుకారు ఏమి అడిగాడో, తాను దేనికి లేదన్నాడో ఆయనకు తెలియదు. ఆంజప్ప తానే మానేశాడు అనుకుంటున్నాడు. చెప్తే ఏమి చేస్తాడో నాకు తెలుసు. ఆ తర్వాత మా పొయ్యిలో పిల్లి పడుకుంటుంది. రోజూ ఆయన ముందర కూర్చుని ముద్ద పెడతాను, ఆయన నా ముఖం చూస్తాడు, నేను ముఖం తిప్పుకుంటాను.

ఏమి చెయ్యమంటావో చెప్పు.

అక్క

*

హోసూరు,
మే 1959

అక్కా,

ఎందుకు చెప్పలేదే? ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రేకు మీద వేలు కూడా పెట్టేవాణ్ణి కాదు కదా. ఇట్లా రాశాక మళ్లీ నాకే సిగ్గు వేస్తోంది. నువ్వు చెప్పకపోయినా వద్దని రెండుసార్లు రాశావు. వినలేదు. కంబళి ఒకటే వేసినా సరిపోయేది. తారు నేను గొప్ప కోసం వేశాను. బావ ఆ రేకుకు చెయ్యి ఆనించి నిలబడింది ఇప్పుడు మాటిమాటికీ కళ్లముందుకు వస్తోంది. పూర్తిగా చెవిటివాణ్ణి చేశాక బాగుందా అని అడిగాను ఆయన్ని.

ఆదివారం కృష్ణగిరి వచ్చాను. నీ ఇంటికి రాలేదు. సందు మొదలుదాకా వచ్చి, వాకిట్లో బావ చెప్పులు చూసి వెనక్కి తిరిగాను. ఆసుపత్రికి వెళ్లి పచ్చయమ్మను చూశాను. ఎవరో రోగి తాలూకు మనిషిని అనుకుని నాతో బాగా మాట్లాడింది. "బస్సుదేమీ తప్పు లేదు నాయనా. దాంట్లో కూచుంటే ఊయల్లో పండుకున్నట్టే ఉన్నింది. ఆ కండక్టరే, కండ్లు యాడ పెట్టుకున్నాడో" అన్నది. నేను తల వంచుకుని విన్నాను. ఆ బస్సుకు పని చేసింది నేనే అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. రెండు అరటిపండ్లు ఆమె పక్కన పెట్టి వచ్చేశాను. అంతే నా ధైర్యం.

అక్కా, బావకు చెప్పవద్దు. నీ పొయ్యి ఆరిపోతుంది. ఆంజప్పకు ఇక్కడ షెడ్డులో పని చూస్తాను, మేస్త్రీతో మాట్లాడాను. వచ్చే వారం ఏదో ఒక సాకు చెప్పి వచ్చి వెనక రేకు నుంచి తారు గీకేస్తాను. బావ మళ్లీ పాతట్లాగే తోలుకుంటాడు. ఎవరికీ ఏమీ తెలియదు.

ఇది తప్పని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను.

మునివెంకటప్ప

*

కృష్ణగిరి,
జూన్ 1959

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చినప్పుడు చదివి, నువ్వు చెప్పినట్టే చేద్దామని నిజంగా అనుకున్నాను. అది దాచడం లేదు. ఆ సాయంత్రమే నీళ్ల దగ్గర అంగాళమ్మ కనబడింది. హోసూరు షెడ్డు పని గురించి చెప్పాను. సంతోషపడుతుంది అనుకున్నాను.

"పని కోసం కాదు వదినా," అన్నది. "బస్టాండులో అందురూ ఆయన్ని ముసిలిదాన్ని పడదోసినోడు అంటా ఉండారు. మా ఇంటాయన తట్టినాడు వదినా. ఇంటికొచ్చినా చెయ్యి చూసుకుంటా కూచుంటాడు. నిజంగా తట్టినానా లేదా అని నన్ను అడుగుతాడు."

బిందె సగం నీళ్లతోనే ఇంటికి వచ్చేశాను.

మీ బావ అరుగు మీద ఉన్నాడు. ఎదురుగా కూర్చుని, ఆయన రెండు చేతులూ పట్టుకుని, పెదవులు కనబడేటట్టు ఒక్కొక్క మాటే చెప్పాను. షావుకారు అడిగింది ఇది. నువ్వు లేదన్నది దీనికి. మొదట అర్థం కాలేదు. రెండోసారి ఆయన వీపు మీద ఒకటి తట్టి చూపించి, మళ్లీ చెప్పాను. ఆయన ముఖం చూడలేకపోయాను, కాని చూడకపోతే ఆయనకు నా మాట వినబడదు కదా. చూశాను.

"నీకు ఎప్పుడు తెలిసె?" అన్నాడు.

అంగాళమ్మ వచ్చిన రోజు నుంచీ అన్నాను. ఒక దెబ్బ వేసినా బాగుండేది. కాకీ చొక్కా తొడుక్కుని లేచాడు. నేనూ వెనకాల వెళ్లాను.

షావుకారు ఇంటి ముందర బస్సు నిలబడి ఉంది. మీ బావ ఆంజప్పను పిలిపించి, వెనక రేకు మీద ఎప్పటిలాగే తట్టమన్నాడు. షావుకారును డ్రైవరు సీటు పక్కన నిలబెట్టాడు. ఆంజప్ప తట్టాడు. షావుకారుకు ఏమీ వినబడలేదు. "ఇంకా గట్టిగా" అన్నాడు. ఆంజప్ప ఏడుస్తూ తట్టాడు. అయినా వినబడలేదు.

అప్పుడు షావుకారు బయటికి వచ్చి మీ బావ వెనకనుంచి, "అయితే ఆ పొద్దు ఎందుకు లేదన్నావు మారప్పా?" అని అరిచాడు. మీ బావ బస్సు వైపే చూస్తూ నిలబడ్డాడు. షావుకారు మళ్లీ అరిచాడు. వీధిలో వాళ్లందరూ తిరిగి చూశారు, మీ బావ ఒక్కడు తప్ప. నేను వెళ్లి ఆయన భుజం పట్టుకుని తిప్పాను. ఆయన జేబులో నుంచి లైసెన్సు తీసి షావుకారు చేతిలో పెట్టాడు.

ఆంజప్ప మళ్లీ పనిలో చేరాడు. గంట కూడా వేయిస్తున్నారు. పచ్చయమ్మ దగ్గరికి మీ బావ తానే వెళ్లి చెప్పాడు. ఆమె చాలాసేపు తిట్టిందట. ఏమి తిట్టిందో తెలియదు, తిట్టిందని మాత్రం ముఖం చూసి తెలిసింది అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆమెకు గంజి తీసుకుపోతున్నాను. ఒకనాడు తాగుతుంది, ఒకనాడు ముఖం గోడ వైపు తిప్పుకుంటుంది.

వచ్చే శుక్రవారం మేము వేప్పనపల్లికి, అమ్మ దగ్గరికి వెళ్లిపోతున్నాం. గొర్రెలు కాయడానికి చెవులు అక్కర్లేదని అమ్మ అన్నది. అని, లోపలికి పోయి ఏడ్చింది. నువ్వు ఈసారి సందు మొదలు నుంచి తిరిగిపోవద్దు. చెప్పులు విప్పి లోపలికి రా.

నీకు ఉత్తరం రాస్తున్నానని చూసి, మీ బావ ఈ మాట రాయమన్నాడు. నిన్ను తిట్టమంటాడేమో అనుకున్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"పనిలో తప్పేమీ లేదని మునివెంకటప్పకు రాయి. సద్దు లేని బస్సు ఎట్లుంటాదో వాడు అందురికీ చూపించినాడు. నాకు రెండేండ్లనించీ అది అట్లనే ఉన్నింది."

నీ అక్క,
కెంచమ్మ